ఏమైనా విశేషమా?

పోయిన వారం ఇంటి ఓనర్ల గురించి రాస్తే చాలామంది తమ ఓనర్ కథలు పంపారు. వాటి సంగతి ఇంకోసారి చూద్దాం. ఈ వారం ఇంటి లోపలి విషయం.

మొన్నామధ్య మా చిన్నాన్న కూతురి పెళ్లికి తాడేపల్లిగూడెం దగ్గర మా ఊరు వెళ్లాం. వెళ్లామంటే నేను, మా ఆవిడ. పెళ్లయి రెండున్నరేళ్లు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే. కొండాపూర్‌లో అద్దె ఇల్లు. పెళ్లిలో చుట్టాలు నన్ను అడిగిన ప్రశ్నలు నాలుగు రకాలు. ప్యాకేజీ ఎంత? ఆన్‌సైట్ ఎప్పుడు? కంపెనీల్లో తీసేస్తున్నారంట కదా, నీది సేఫేనా? ఇల్లు కొన్నావా? మా ఆవిడని అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే.

"ఏమైనా విశేషమా?"

మన భాషలో ఇంత తెలివైన ప్రశ్న ఇంకోటి లేదు. కడుపు అనరు, పిల్లలు అనరు, డాక్టరు దగ్గరికి వెళ్లావా అనరు. ఒక్క మాటలో అన్నీ అడిగేస్తారు. పనసపొట్టు కూర వడ్డిస్తూ ఒకావిడ అడిగింది. పూతరేకు చేతిలో పెడుతూ ఇంకొకావిడ అడిగింది. తలంబ్రాలు పోస్తుంటే ఫొటో కోసం నిలబడ్డప్పుడు వెనక నుంచి ఎవరో అడిగారు. నేను చూస్తూనే ఉన్నా. కానీ నన్ను అడగలేదు కాబట్టి నాకు వినపడనట్టే ఉండిపోయా.

రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దుప్పట్లు పరుచుకున్నాక తను అంది.

"పదకొండు మంది."

"ఏంటి?"

"విశేషమా అని అడిగింది పదకొండు మంది. అందులో ఒక్కళ్లయినా 'పుడితే నేనొచ్చి ఓ నెల ఉంటానమ్మా' అన్నారా?"

సారీ చెప్పా. "నువ్వేం చేశావ్, నువ్వేమీ అనలేదు కదా" అని అటు తిరిగి పడుకుంది. అది ఓదార్పో, దెప్పిపొడుపో ఏలూరు దాటినా అర్థం కాలేదు.

షీట్‌లో లేని కాలమ్

ఇక్కడ మా ఇంటి రహస్యం ఒకటి చెప్పాలి. మా దగ్గర ఒక గూగుల్ షీట్ ఉంది. పిల్లల గురించి. నవ్వకండి, మీలో సగం మంది దగ్గర కూడా ఉంటుంది.

అందులో అద్దె, కారు ఈఎంఐ, ఆస్పత్రి ఖర్చు, ఇన్సూరెన్స్‌లో కాన్పుకి వెయిటింగ్ పీరియడ్, డేకేర్, ఆఖర్న ఎల్‌కేజీ ఫీజు ఉంటాయి. ఎల్‌కేజీ ఫీజు వరస దగ్గర మా ఇంజినీరింగ్ ఫీజు గుర్తొచ్చి ఇద్దరం కాసేపు మౌనం పాటించాం. అన్నిటికంటే కింద ఒక గడి: "ఎప్పుడు?" అక్కడ ఒక సంవత్సరం రాసుకుంటాం. ఇది మనిద్దరి నిర్ణయం, ఊళ్లోవాళ్ల మాట వినేది లేదు అని గట్టిగా అనుకున్నాం కూడా.

పెళ్లి నుంచి వచ్చాక ఒక రాత్రి ఆ షీట్ వెర్షన్ హిస్టరీ తెరిచా. ఏ రోజు ఏది మార్చామో అన్నీ అందులో ఉంటాయి. "ఎప్పుడు?" అన్న గడి మూడుసార్లు మారింది. నేను అనుకున్నది ఏంటంటే, జీతం పెరిగినప్పుడు అది దగ్గరికి జరిగి ఉంటుంది, ఖర్చు పెరిగినప్పుడు దూరం జరిగి ఉంటుంది. చూస్తే ఆ మూడు తేదీల్లో ఒక్కదాని దగ్గర కూడా డబ్బు వరసలు ఏవీ మారలేదు. మూడింటి వెనకా మనుషులే ఉన్నారు.

మొదటి మార్పు: మియాపూర్ బారసాల

మా ఇంజినీరింగ్ గ్యాంగ్‌లో ఆరుగురం. అందరికంటే ముందు తండ్రయినవాడు మియాపూర్‌లో ఉంటాడు. వాళ్ల బాబు బారసాల అయిన రెండో రోజే మా షీట్‌లో సంవత్సరం రెండేళ్లు దగ్గరికి జరిగింది.

బాబు ముద్దుగా ఉన్నాడని కాదు. ముద్దుగానే ఉన్నాడు, కానీ రీల్స్‌లో అంతకంటే ముద్దైన పిల్లలు రోజుకి నలభై మంది కనిపిస్తారు. మమ్మల్ని కదిపింది వాళ్ల నాన్న. పొద్దున తొమ్మిది గంటల ల్యాబ్‌కి నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా టైముకి లేవనివాడు, ఇప్పుడు పిల్లాడు ఏ ఏడుపు ఆకలికి ఏడుస్తున్నాడో, ఏ ఏడుపు కడుపునొప్పికో చెప్తున్నాడు. భుజం మీద గుడ్డ వేసుకుని, బాబుని నిలువుగా ఎత్తుకుని వీపు నిమురుతూ మాతో క్రికెట్ మాట్లాడుతున్నాడు. తిరిగొస్తుంటే కార్లో నేను అన్న మాట ఒకటే: "వీడే చేయగలిగితే నేను చేయలేనా?"

ఇది నా ఒక్కడి పిచ్చి కాదని తర్వాత తెలిసింది. నికొలెట్టా బాల్బో, నికోలా బార్బన్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో సరిగ్గా దీని మీదే ఒక అధ్యయనం అచ్చు వేశారు. అమెరికాలో హైస్కూల్ రోజుల నుంచి చాలా ఏళ్లపాటు వివరాలు సేకరించిన 1,700 మందికి పైగా అమ్మాయిల సమాచారం తీసుకున్నారు. స్కూల్ స్నేహితురాలికి బిడ్డ పుట్టాక, వీళ్లు కూడా తల్లి అయ్యే అవకాశం పెరుగుతూ వెళ్లి, సుమారు రెండేళ్ల దగ్గర గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గింది. ముఖ్యమైన సంగతి, ఇది కావాలనుకుని కన్న పిల్లల విషయంలోనే కనిపించింది. అనుకోకుండా వచ్చిన గర్భాల్లో కనిపించలేదు. అంటే ఇది గాలివాటం కాదు. చూసి, ఆలోచించి, తీసుకున్న నిర్ణయమే. కాకపోతే ఆలోచన మొదలైంది పక్కవాళ్ల ఇంట్లో.

మా గ్యాంగ్‌లోనూ అంతే. మియాపూర్ బాబు తర్వాత రెండేళ్లలో ఇంకో ఇద్దరికి పిల్లలు పుట్టారు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఒకే ఈడు పిల్లలైతే ఉయ్యాల చేతులు మారుతుంది, మంచి డాక్టరు నంబర్ దొరుకుతుంది, వీకెండ్ కలిసినప్పుడు ఒకరి పిల్లాడు ఏడిస్తే ఎవరూ మొహం చిట్లించరు. అందరికంటే వెనకబడిపోతే ఈ సౌకర్యాలన్నీ పోతాయి. పైకి ఎవరూ అనరు గానీ, ఈ లెక్క అందరి మనసులో ఉంటుంది.

రెండో మార్పు: ఆఫీసులో ఎవరూ అనని మాట

రెండోసారి ఆ సంవత్సరం దూరం జరిగింది. అప్పుడేం జరిగిందో నాకు గుర్తు రాలేదు. తనకి గుర్తుంది.

తన టీమ్ లీడ్ కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చిన నెల అది. మన దేశంలో 2017 సవరణ తర్వాత ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లల వరకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం. యాభై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ సౌకర్యం ఉండాలి. కాగితం మీద చాలా దేశాల కంటే మనం నయం. ఆవిడ 26 వారాలు తీసుకుంది, తిరిగొచ్చింది. వచ్చేసరికి తన ప్రాజెక్టు వేరే వాళ్ల చేతిలో ఉంది. ఏడాది చివర రేటింగ్‌లో ఒక మెట్టు తగ్గింది. కారణం అడిగితే "ఈ ఏడాది నీ విజిబిలిటీ తక్కువ" అన్నారట.

ఆ టీమ్‌లో పెళ్లయి పిల్లలు లేని అమ్మాయిలు ముగ్గురు. మీరు ఇప్పుడే కనొద్దు అని వాళ్లతో ఎవరూ అనలేదు. హెచ్ఆర్ వాళ్లు మాతృ దినోత్సవానికి కప్‌కేకులు కూడా పంచారు. కానీ ముగ్గురూ చూశారు. అంతే. మా షీట్‌లో ఏడాదిన్నర జరిగిపోయింది. మిగతా ఇద్దరి షీట్లలో ఎంత జరిగిందో నాకు తెలీదు.

ఇది రెండు వైపులా పనిచేస్తుంది. జర్మనీలో ఆఫీసుల రికార్డులు తీసుకుని చేసిన ఒక అధ్యయనం కూడా 2014లోనే వచ్చింది. ఒక సహోద్యోగినికి బిడ్డ పుట్టిన ఏడాది లోపు, అదే ఆఫీసులోని ఇతర మహిళల్లో తొలి గర్భాలు పెరిగాయి. పక్క సీటు అమ్మాయి తల్లయి, ఉద్యోగంలోనూ నిలబడితే చూసేవాళ్లకి ధైర్యం వస్తుంది. పక్క సీటు అమ్మాయి నలిగిపోతే భయం వస్తుంది. పాలసీ డాక్యుమెంట్‌ని ఎవరూ చదవరు. అందరూ పక్క సీటుని చదువుతారు.

మగాళ్ల పక్క సీటు గురించి కూడా ఒక మాట. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టం మన దగ్గర లేదు, కంపెనీ దయ. మా ఆఫీసులో ఐదు రోజులు. మా టీమ్‌లో ఒకతను ఆ ఐదు రోజుల్లో మూడో రోజే ఆస్పత్రి వరండాలోంచి కాల్‌లో జాయిన్ అయ్యాడు. "డెడికేషన్ అంటే అదీ" అని అందరూ చప్పట్లు ఎమోజీలు పెట్టారు. నేను కూడా పెట్టా. ఆ ఎమోజీతో నేను టీమ్‌లోని మిగతా కుర్రాళ్లకి ఏం చెప్పానో అప్పుడు తట్టలేదు.

మూడో మార్పు: అమ్మ మోకాళ్లు

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. అమెరికాలో కాన్పు అంటే మన తెలుగు ఇళ్లలో ఒక రిలే పరుగు. విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. మొదటి ఆరు నెలలు అమ్మ, అమ్మ దిగిపోగానే తర్వాతి ఆరు నెలలు అత్తగారు. ఎయిర్‌పోర్టులో ఆవకాయ ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారినట్టు పిల్లాడు మారతాడు. మా అక్క రెండో బిడ్డ ఎప్పుడన్నది డాక్టరు చెప్పలేదు, జ్యోతిష్కుడు చెప్పలేదు. అమ్మ వీసా, వాళ్ల అత్తగారి కంటి ఆపరేషన్ చూసుకుని వాళ్లు ప్లాన్ చేశారు.

అమ్మ రెండోసారి వెళ్లి తిరిగొచ్చింది. శంషాబాద్‌లో దిగి, వీల్‌చెయిర్‌లోంచి లేస్తూ, మోకాళ్లు పట్టుకుని అంది: "ఇంక నా వల్ల కాదురా." మా గురించి అనలేదు. విమాన ప్రయాణం గురించి అంది. కానీ ఆ రాత్రే మా షీట్‌లో సంవత్సరం మళ్లీ దూరం జరిగింది. ఎవరు మార్చారో వెర్షన్ హిస్టరీలో ఉంది. నేనే.

"మీ పెద్దమ్మ పక్కనుందిగా"

అమ్మ కొండాపూర్‌లో మా ఇంట్లో విశ్రాంతి తీసుకున్న ఆ వారంలో, ఒక సాయంత్రం అడిగా. అక్క పుట్టింది 1994లో, నేను 1997లో. నేను పుట్టిన కొన్ని నెలలకే అమ్మ పిల్లల ఆపరేషన్ చేయించుకుంది. అప్పటికి అమ్మకి 22 ఏళ్లు. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఫ్రెషర్ వయసు.

"ఇద్దరితో ఆపాలని నీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్తారు? వీధిలో అందరూ చేయించుకుంటున్నారు. మూడో కాన్పంటే అప్పటికే నవ్వేవాళ్లు. మీ పెద్దమ్మ, ఎదురింటావిడ, నేను, ముగ్గురం ఒకేరోజు వెళ్లాం."

"డబ్బులిచ్చారా?"

"ఇచ్చారు. ఆ డబ్బులు మీ నాన్నగారు ఏం చేశారో ఇప్పటికీ తెలీదు."

"భయం వేయలేదా?"

"మీ పెద్దమ్మ పక్కనుందిగా."

అమ్మ మాట విన్నాక కొన్ని లెక్కలు వెతికా. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన ఆడవాళ్లు దాదాపు 33 శాతమే. దేశ సగటు 39. అంటే మనం వెనకే ఉన్నాం. మామూలుగా ఆడవాళ్ల చదువు పెరిగితే పిల్లల సంఖ్య తగ్గుతుందంటారు. కానీ 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లలు దేశంలో 3.4 ఉంటే, మన దగ్గర 2.6 మాత్రమే. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న వివాహిత మహిళలు దాదాపు 70 శాతం. దేశంలో ఇదే ఎక్కువ.

ప్రభుత్వం జీపులు పంపింది, డబ్బులిచ్చింది, టార్గెట్లు పెట్టింది. అందులో బలవంతం పాలు కూడా ఉంది. మగాళ్లకి చిన్న ఆపరేషన్ ఉన్నా భారమంతా ఆడవాళ్ల మీదే పడింది. ఇవన్నీ నిజాలే. కానీ జీపు ఎక్కే ధైర్యం మాత్రం మా అమ్మకి తోడికోడలు ఇచ్చింది.

ఇలాంటిదే దక్షిణ కొరియాలో 1970ల్లో జరిగింది. ఎవరెట్ రోజర్స్, లారెన్స్ కింకెయిడ్ అనే పరిశోధకులు అక్కడి పల్లెల్లో ఒక వింత గమనించారు. ప్రభుత్వం అన్ని ఊళ్లకీ ఒకేలా అన్ని పద్ధతులూ అందిస్తోంది. కానీ ఒక ఊళ్లో ఎక్కువమంది మాత్రలే వాడుతున్నారు, ఇంకో ఊళ్లో ఎక్కువమంది లూప్ వేయించుకుంటున్నారు. ఎందుకంటే ఆ ఊరి తల్లుల సంఘంలో మొదట వాడినవాళ్లు ఏది వాడారో, మిగతావాళ్లు అదే వాడారు. అంత సొంత విషయంలో కూడా ఊరు ఊరంతా ఒకే దారిలో నడిచింది.

మరి అలా మాట్లాడుకునే మనిషే లేకపోతే? 2018లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 18 నుంచి 30 ఏళ్ల వివాహిత మహిళల్ని కలిసి ఒక సర్వే చేశారు. భర్త, అత్తగారు కాకుండా మనసు విప్పి మాట్లాడుకునే స్నేహితురాలు గానీ బంధువు గానీ ఆ జిల్లాలో ఒక్కరు కూడా లేనివాళ్లు మూడో వంతుకి పైగా ఉన్నారు. అత్తగారితో కలిసి ఉన్నవాళ్లకి బయట స్నేహాలు ఇంకా తక్కువ. కోడలు కోరుకున్నదాని కంటే ఎక్కువమంది మనవలు కావాలనుకునే అత్తగారైతే కట్టడి మరీ ఎక్కువ. స్నేహాలు తక్కువైన కొద్దీ కుటుంబ నియంత్రణ కోసం ఆస్పత్రికి వెళ్లడమూ తగ్గింది. మా అమ్మకి పెద్దమ్మ ఉంది. వాళ్లకి లేదు. తేడా అక్కడే.

నేను పెట్టిన మెసేజ్

ఇప్పటిదాకా చుట్టాల్ని, ఆఫీసుని అన్నాను కదా. ఇప్పుడు నా వంతు.

మా గ్యాంగ్‌లో మూడో బాబు పుట్టిన రోజు వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. అందరూ హార్టులు పెడుతున్నారు. మిగిలింది ముగ్గురం. నేను, ఇంకో ఇద్దరు. వాళ్లలో ఒకణ్ణి ట్యాగ్ చేసి నేను రాశా: "నెక్స్ట్ వికెట్ నీదే మామా, ప్యాడ్లు కట్టుకో." పన్నెండు నవ్వులు వచ్చాయి. వాడు ఏమీ అనలేదు. తర్వాత గ్రూపులో మాట్లాడటం తగ్గించాడు. బిజీ అనుకున్నాం.

ఏడు నెలల తర్వాత గచ్చిబౌలిలో టీ తాగుతూ చెప్పాడు. ఆ వారమే వాళ్లకి రెండోసారి గర్భం పోయింది. నేను మెసేజ్ పెట్టే టైముకి వాడు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఉన్నాడు.

నాకు మాట రాలేదు. "చెప్పొచ్చు కదరా" అన్నా చివరికి.

"ఎక్కడ చెప్పను? నీ మెసేజ్ కిందా?"

వాడు కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వాళ్లిద్దరూ పెళ్లిళ్లకి, బారసాలలకి వెళ్లడం మానేశారు. మొన్న మా ఆవిడ పక్కన నిలబడి విననట్టు ఉన్నానే, అదే నేను ఫోన్లో టైప్ చేసి అడిగాను. పెళ్లిలో అడిగిన పదకొండు మందికీ, నాకూ తేడా ఏంటంటే, వాళ్లు కనీసం పూతరేకు పెట్టి అడిగారు.

గ్రూపులో మిగిలిన రెండోవాడి సంగతి వేరు. వాళ్లకి పిల్లలు వద్దు. ఇద్దరూ కూర్చుని, ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం. వాళ్ల మీద కూడా మా ప్రభావం తక్కువేం కాదు. పిల్లలున్నవాళ్లు పార్కుల్లో కలవడం మొదలుపెట్టాక వాళ్లని పిలవడం మర్చిపోయాం. "మీకు బోర్ కొడుతుందేమోనని" అంటాం. కాన్పుకి తోడుండే మనుషులు ఎంత ముఖ్యమో, వద్దనుకున్న వాళ్లకి స్నేహితులు మిగలడం కూడా అంతే ముఖ్యం. లేకపోతే అదీ ఒక బలవంతమే.

మైకులో చెప్తే

ఈ మధ్య మన నాయకులు కూడా విశేషం అడగడం మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులు. ఆ నిబంధనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. ఎక్కువమంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సభల్లో చెప్తున్నారు. నవ్విన వీధే ఇప్పుడు రమ్మని పిలుస్తోంది.

ముసలివాళ్లు పెరిగి, పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతారన్న ఆందోళనలో అర్థముంది. కానీ మైకులో చెప్తే జరుగుతుందా? పైన చెప్పిన దక్షిణ కొరియానే చూడండి. అక్కడ ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లలు 2023లో 0.72. ప్రపంచంలోనే అతి తక్కువ సంఖ్యల్లో ఒకటి. ఏళ్ల తరబడి ప్రభుత్వం కోట్లు కుమ్మరించినా పెద్దగా లాభం లేదు. ఇల్లు ఖరీదు, ఉద్యోగంలో పనిగంటలు, ఇంటిపని ఆడవాళ్ల మీదే ఉండటం, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఒకటి అనిపిస్తుంది. చుట్టూ చూస్తే పిల్లలున్న స్నేహితులే కనపడనప్పుడు, "వీడే చేయగలిగితే" అన్న మాట ఎవరికి తడుతుంది?

ఆదివారం రెండు గంటలు

టీ కొట్టు దగ్గరి మాటల తర్వాత నేను మొదట చేసిన పని, ఆ మెసేజ్ గురించి వాడికి విడిగా క్షమాపణ రాయడం. రెండోది, ఎవర్నీ ఆ ప్రశ్న అడగనని ఒట్టు. అది పెద్ద గొప్పేం కాదు, నోరు మూసుకోవడమే.

మూడోది మా ఆవిడ ఆలోచన. మియాపూర్ వాళ్లకి ఫోన్ చేసి, "రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున రెండు గంటలు బాబుని మా దగ్గర వదిలేయండి, మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లండి" అంది. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడి భార్య అడిగిన మొదటి మాట: "నిజంగానా?" పెళ్లయి నాలుగేళ్లు, బాబు పుట్టి ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో వాళ్లిద్దరూ కలిసి ఒక్క సినిమాకి కూడా వెళ్లలేదట. అడిగినవాళ్లు కూడా లేరట. అడగనివాళ్లలో మేమూ ఉన్నాం.

మొదటి ఆదివారం బాబు ఇరవై నిమిషాలు ఏడ్చాడు. నేను కుక్కర్ మూత వాయించా, యూట్యూబ్ పెట్టనని పట్టుబట్టి అరగంటలో ఓడిపోయా. మా ఆవిడ చపాతీ పిండి ముద్ద ఇస్తే ఆగాడు. కొంత తిన్నాడు, కొంత సోఫాకి పూశాడు. ఆఖరికి నా ఛాతీ మీద పడి నిద్రపోయాడు. చెయ్యి తిమ్మిరెక్కింది, కదిపితే లేస్తాడేమోనని అలాగే ఉండిపోయా. వాళ్లు వచ్చేసరికి మేం అలసిపోయి ఉన్నాం, వాళ్లు కళకళలాడుతూ ఉన్నారు. వాళ్లు తిన్నది ఇడ్లీ, తాగింది ఫిల్టర్ కాఫీ. వేడిగా తాగాం, అని ఇద్దరూ రెండుసార్లు చెప్పారు.

ఆ సాయంత్రం తను షీట్ తెరిచి ఒక కొత్త కాలమ్ పెట్టింది. డబ్బు వరసల పక్కన. పైన హెడింగ్: "ఎవరు వస్తారు?" కింద ఖాళీ.

రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మ ఫోన్. ఆరోగ్యాలు, వానలు, పక్కింటివాళ్ల గేదె అయ్యాక అలవాటుగా అడిగింది. "ఏమైనా విశేషమా?" ఎప్పుడూ అయితే "ఏం లేదమ్మా" అని మాట మార్చేవాణ్ణి. ఈసారి స్పీకర్ పెట్టి అడిగా.

"అమ్మా, విశేషం ఉందనుకో. నువ్వెన్ని నెలలు ఉంటావు?"

అమ్మ ఆలోచించింది. "మీ నాన్నగారికి వంటెవరు చేస్తారు?"

"నాన్నని కూడా తీసుకురా."

"తీసుకొస్తే ఇద్దరు పిల్లల్ని చూసుకోవాలి నేను" అంది. ముగ్గురం నవ్వాం. తర్వాత అమ్మ కొంచెం నెమ్మదిగా చెప్పింది. "మెట్లు ఎక్కలేను. లిఫ్టున్న ఇల్లు తీసుకోండి. మూడు నెలలు ఉంటా. రాత్రిళ్లు మాత్రం మీరే లేవాలి."

రెండున్నరేళ్లలో అమ్మ ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. తిరిగి ఒక ప్రశ్న అడగాలని మాకు ఒక్కసారీ తట్టలేదు.

తను కాలమ్‌లో రాసుకుంది: అమ్మ, 3 నెలలు, లిఫ్ట్. కింద వాళ్లమ్మగారి పేరు రాసి, పక్కన "అడగాలి" అని పెట్టింది. దాని కింద మియాపూర్, రెండు వారాలకో ఆదివారం. నాలుగో వరసలో నా పేరు రాసి, ఐదు రోజులు అని పెట్టి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. సోమవారం మా మేనేజర్‌తో ఆ ప్రశ్నార్థకం గురించి మాట్లాడాలి.

ఇంతకీ ఆ "ఎప్పుడు?" గడిలో ఇప్పుడు ఏముంది అంటారా? అది మాత్రం రాయను. ఈ పేజీ మా పెద్దత్తయ్య కూడా చదువుతుంది.